గూడబాతు వెనక కాగితం

“ఆ గడియారం బ్యాటరీ అయిపోయింది సార్. దాన్నేం చూస్తారు? ఇటు రండి, ముసలాయన రాసుకున్న పుస్తకం చూడండి.”

ఇన్‌స్పెక్టర్ జెబకుమార్ మాట్లాడింది తమిళం. నేను తెలుగులో రాస్తున్నాను, అంతే. ఆ వెటకారం మాత్రం ఏ భాషలోకి తెచ్చినా అలాగే ఉంటుంది.

నేను గడియారాన్ని వదల్లేదు. గోడ మీద అది ఐదూ పది చూపిస్తోంది. నా చేతి గడియారంలో పది నలభై. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా రెండింటినీ మార్చి మార్చి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

“బ్యాటరీ చచ్చిన గడియారం ఇంత బుద్ధిగా నడవదు సార్,” అన్నాను.

“పెళ్ళి సంబంధాల డిటెక్టివ్‌గారు గడియారాలు కూడా బాగుచేస్తారా?”

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నా పేరు ఆదిమూలం. విదేశాల నుంచి వచ్చే తపాలాను ముప్పై ఒక్క ఏళ్ళు వేరుచేసి, రిటైరయ్యాక మదరాసు పురసవాక్కంలో డిటెక్టివ్ బోర్డు కట్టాను. పెళ్ళికొడుకు తాగుతాడా, జీతం నిజమేనా, ఇలాంటివే నాకు వచ్చే కేసులు. కానీ ఈ రోజు తిరువొత్తియూరులో ఈ మేడగదిలో నిలబడింది డిటెక్టివ్‌గా కాదు. ఈ గది మనిషి వెంకటాచలం నాకు నలభై ఏళ్ళ స్నేహితుడు. డెబ్బై నాలుగేళ్ళవాడు, పొద్దున్నుంచి కనిపించడం లేదు.

కోడలు రాజలక్ష్మి ఏడింటికి ఇడ్లీ తట్ట, మూత వేసిన పళ్ళెం, పట్టుకుని మేడెక్కింది. తలుపు బార్లా తీసి ఉంది. రేడియో ఆపి ఉంది. సెల్‌ఫోను మంచం మీదే ఉంది. మనిషి లేడు. ఏడున్నరకు పోలీసులకు చెప్పింది, తొమ్మిదింపావుకు నాకు ఫోను చేసింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది. ఆ తట్ట ఇంకా చేతిలోనే ఉంది.

“సముద్రం పక్క వెతుకుతా ఉండారంట ఆదిమామా,” అంది. “మామ ఆడికి పొయ్యే మనిషా? నువ్వన్నా చెప్పు. మీ అబ్బాయి పోయి ఆరేళ్ళాయ. ఈయన తప్ప నాకు ఎవురుండారు?”

వెంకటాచలం కొడుకును ఆమె నా దగ్గర ఎప్పుడూ ‘మీ అబ్బాయి’ అనే అంటుంది. నేను ఆమె వైపు చూడలేక పుస్తకం వైపు తిరిగాను.

అది వెంకటాచలం వినికిడి పుస్తకం. దూరదేశపు రేడియో స్టేషన్లను చిన్న అలల మీద, అంటే షార్ట్‌వేవ్‌లో, పట్టి, ఏ స్టేషన్, ఎంత స్పష్టంగా, ఏ ఏ కార్యక్రమం అని రాసుకుని, ఆ స్టేషన్‌కు రిపోర్టు పంపుతాడు. విన్నది నిజమని తేలితే వాళ్ళు కార్డు పంపుతారు, కార్డుతో పాటు స్టిక్కరు పంపుతారు. నలభై అయిదేళ్ళుగా ఆయన చేసే పని ఇదే.

జెబకుమార్ చివరి పేజీలో వేలు పెట్టాడు. “చదవండి. 00:30, వినడం మొదలు. 00:50, పద్దెనిమిది యూనిట్లు. 00:53, ఆపాను. పద్దెనిమిది యూనిట్లంటే ఇన్సులిన్, కోడలమ్మే చెప్పింది. అర్ధరాత్రి పన్నెండు యాభైకి ఇన్సులిన్ వేసుకునేవాడికి మతి సరిగా ఉందంటారా? మూడు నిమిషాలకు లేచి వెళ్ళిపోయాడు. సందు మొదట్లో టిఫిన్ కొట్టు కెమెరా ఉంది. పన్నెండు నుంచి మూడు దాకా చూశాం, మనిషి కాదు కదా పిల్లి కూడా లేదు. అంటే ముందువైపు పోలేదు. వెనక దారి ఎక్కడికి పోతుంది? సముద్రానికి. నా మనుషులు ఎనిమిది మంది అక్కడున్నారు.”

లెక్క తప్పని ఎవరూ అనలేరు. పునాది ఒక్కటే తప్పు.

“రాజీ, ఆ గడియారం ఎప్పట్నించి అట్ల ఉంది?” అన్నాను.

“నేను ఈ ఇంటికి వచ్చినప్పట్నించీ అట్లే. సరిచేస్తానంటే చెయ్యి పెట్టనీడు. ‘అది మన గడియారం కాదమ్మా, లోకం గడియారం’ అంటాడు.”

నేను జెబకుమార్ వైపు తిరిగాను. “సార్, స్టేషన్ ఒక దేశంలో ఉంటుంది, వినేవాడు ఇంకో దేశంలో ఉంటాడు. ఎవడి టైము వాడు రాస్తే గందరగోళం. అందుకని వీళ్ళంతా గ్రీనిచ్ టైమే రాస్తారు. మనకంటే ఐదున్నర గంటలు వెనక. అందుకే పది నలభైకి ఆ గడియారంలో ఐదూ పది. ఇప్పుడు పుస్తకం మళ్ళీ చదవండి. 00:30 అంటే పొద్దున ఆరు. 00:50 అంటే ఆరూ ఇరవై. ఆపింది ఆరూ ఇరవైమూడుకు.”

ఆయన పుస్తకం చూశాడు, గడియారం చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు.

“ఇన్సులిన్ కూడా లండన్ టైమేనా?”

“ఈ గదిలో దోమ కుట్టినా ఆ టైమే రాస్తాడు.”

రాజలక్ష్మి చేతిలోని తట్ట ఇప్పుడు నాకు వేరేగా కనిపించింది. ఆమెకూ అదే తట్టినట్టుంది, గోడకు ఆనుకుంది.

“ఆరూ ఇరవైకి వేసుకున్నాడా?” అంది. “వేసుకున్న అరగంటలో తినాలని డాక్టరు గట్టిగా చెప్పినాడు మామా. పోయినేడు ఒక్క గంట లేటయితే చెమటలు పట్టి, మాట పడిపోయి, ఐయో… ఇడ్లీ తినకుండానే పోయినాడే!”

“ఇప్పటికి నాలుగు గంటలు దాటింది,” అన్నాను. “మీ మనుషులు వెతికేది శవాన్ని సార్. మనం వెతకాల్సింది బతికున్న మనిషిని. అదీ ఈ పూటే.”

జెబకుమార్ మీసం సవరించుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆ మీసానికి అలవాటు లేదు. “ఒక గడియారం మాట నమ్మి సముద్రం దగ్గర్నుంచి మనుషుల్ని పిలిపించలేను. రేపు పైవాళ్ళు అడిగితే మీ పేరు చెప్పనా? కలైసెల్వీ!”

మెట్ల మీద నిలబడ్డ కానిస్టేబుల్ కలైసెల్వి లోపలికి తొంగి చూసింది.

“ఆ టిఫిన్ కొట్టు కెమెరా మళ్ళీ చూడు. ఆరు నుంచి ఏడు దాకా.”

ఒప్పుకోలేదు గానీ పని మాత్రం ఒప్పించాను. అది చాలు.

నేను పేజీలు వెనక్కి తిప్పాను. స్టేషన్‌కు రిపోర్టు రాయాలంటే కనీసం అరగంట వినాలని వీళ్ళ కట్టుబాటు. ప్రతి రోజూ అరగంట, నలభై నిమిషాలు, గంట. ఆరేళ్ళ కిందటి పేజీలో ఒక్కచోట పదిహేడు నిమిషాలకే ఆగింది. ఆ తారీఖు నాకు తెలుసు. కొడుకు సంగతి ఆసుపత్రి నుంచి ఫోనులో వచ్చిన రోజు. అది తప్పితే అరగంట నిండకుండా ఆగింది ఈ రోజే, ఇరవైమూడు నిమిషాలకు.

“ఎవరో వచ్చారు సార్,” అన్నాను. “తెలిసినవాడు. ముందే అనుకున్నవాడు. కాకపోతే ఈయన చెవినుంచి హెడ్‌ఫోను తియ్యడు. ఆ టైములో నువ్వు యాడున్నావు రాజీ?”

“కింద వంటింట్లో. మిక్సీలో చట్నీ వేస్తా ఉన్నా. మేడమెట్లు బయట్నించే గదా, ఎవురొచ్చినా నాకు వినపడదు.”

అప్పుడు గది చూడటం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చూసినా ఈ గది ముందు నేను చిన్నవాణ్ణయిపోతాను. గోడ పొడుగునా పంతొమ్మిది ఆల్బములు. వాటిలో పదకొండు వందల ఇరవై ఆరు స్టిక్కర్లు. మంచుదేశాల స్టేషన్ల ఎలుగుబంట్లు, ఎడారి స్టేషన్ల ఈతచెట్లు, ఇప్పుడు పేరు కూడా లేని దేశాల జెండాలు. ప్రతిదాని కింద విన్న తేదీ, విన్న అల, ఉత్తరం చేరిన తేదీ. ఒక్క కాగితం మీద నూనె మరక లేదు, మడత లేదు. ఆయన కొట్లో లెక్కలు రాసి బతికిన మనిషి. ఓడ ఎక్కలేదు, విమానం ఎక్కలేదు. అయినా లోకంలో ఏ మూల ఎవరు మాట్లాడినా తిరువొత్తియూరులో ఒకడు శ్రద్ధగా విన్నాడని ఆ ఆల్బములు చెబుతాయి. అంతటి శ్రద్ధ నా జీవితంలో దేనిమీదా నేను పెట్టలేదు.

బల్ల మీద నా చూపు ఆగింది. జెబకుమార్ టీ గ్లాసు కింద ఒక పొడుగాటి కాగితం ఉంది.

“ఆ గ్లాసు తియ్యండి సార్.”

“ఎందుకు? చెత్తకాగితం. కుర్చీలో పడి ఉంటే బల్ల మరకవుతుందని గ్లాసు కింద పెట్టాను.”

“దయచేసి తియ్యండి.”

తీశాడు. తొమ్మిది అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పు, ఒకవైపు మైనం పూసిన నునుపు. స్టిక్కరు ఒలిచేశాక మిగిలే వెనక కాగితం అది. ఒక మూల నీలం సిరాతో 417 అని చేతిరాత. గ్లాసు చేసిన గుండ్రటి తడి ఆ అంకెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో పట్టుకున్నాను.

“ఏమైంది సార్?”

“ఈ కాగితం ఉన్న కవరును పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో నేనే వేరుచేశాను,” అన్నాను. “చిరునామాలో వీధి పేరు తడిసిపోయింది. తిరిగి పంపేయాల్సింది. మనసొప్పక, ఆదివారం పూట రైలెక్కి వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాను. మా స్నేహం అలా మొదలైంది. సముద్రంలో ఒక ఓడ మీద నుంచి ఇరవైమూడు రోజులు నడిచిన స్టేషన్ అది. గుర్తు పసుపు గూడబాతు, దాని ముక్కులో మైకు. సరిగ్గా రాసిన వాళ్ళకు కారు బంపరు మీద అంటించే స్టిక్కరు ఒక్కొక్కటి, వెనక నంబరు వేసి పంపారు. మనదేశంలో దొరికింది ఈయన ఒక్కడికే. దేశదేశాల వాళ్ళు అడిగారు. ఇవ్వలేదు.”

“సరి. ఈ పొద్దు ఒలిచాడు. స్టిక్కరంటే అంటించడానికే కదా సార్? ఇందులో వింతేముంది?”

“ఈ గదిలో అంటించిన స్టిక్కరు ఒక్కటి చూపించండి.”

జెబకుమార్ నవ్వబోయి ఆగాడు. బీరువా చూశాడు. తలుపు వెనక చూశాడు. రేడియోను ఎత్తి అడుగున చూశాడు. నగల కొట్టువాడైనా వేలికి ఒక ఉంగరం పెట్టుకుంటాడు. పదకొండు వందల ఇరవై ఆరు స్టిక్కర్ల మధ్య బతికే మనిషి గదిలో ఒక్కటంటే ఒక్కటి అంటించి లేదు.

“ఒలిచిన స్టిక్కరు చచ్చినట్టే అంటాడాయన,” అన్నాను. “అలాంటివాడు పదకొండు వందల్లో అన్నిటికన్నా గొప్పదాన్ని పట్టుకుని ఒలిచాడు. వెనక కాగితాన్ని, తను రోజూ కూర్చునే కుర్చీలో, మనకు కనిపించేలా వదిలేశాడు. ఒలిచింది ఈ గదిలో లేదు. అంటే ఆయన వెళ్ళిన దానికి అంటించి ఉండాలి.”

మెట్ల మీద బూట్ల చప్పుడు. కలైసెల్వి రొప్పుతూ వచ్చింది.

“సార్, ఆరూ పంతొమ్మిదికి తెల్ల కారొకటి సందులోకి వచ్చింది. ఆరూ ముప్పై ఎనిమిదికి బయటికి పోయింది. నంబరు పలక సగం కూడా కనపళ్ళేదు, వెనకే పాలవ్యాను అడ్డం వచ్చింది. కానీ సార్, పోయేటప్పుడు వెనక బంపరు మీద ఎడమపక్క పసుపుగా పట్టీ ఒకటుంది. వచ్చేటప్పుడు లేదు.”

జెబకుమార్ జేబులోంచి ఫోను తీసి, సముద్రం దగ్గరున్న ఎనిమిది మందిని వెనక్కి రమ్మన్నాడు. ఆ తర్వాత నావైపు చూడకుండా, “తెల్ల కార్లు ఈ ఊర్లో కాకులకంటే ఎక్కువ సార్. ఎవరిది?” అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

“రాజీ, ఈ మధ్య ఎవరన్నా వచ్చినారా?”

“శివరామన్న తప్ప ఎవురూ రాలా. నెల ముందర నలబై కార్డులు కాపీ తీసుకుంటానని పట్టుకపోయినాడు. పోయిన వారం తెచ్చిచ్చినాడు. నిన్న సాయంత్రం మామ ఆ కార్డులు ముందరేసుకుని కూర్చున్నాడు, అన్నం కూడా సగమే తిన్నాడు. ఏంది మామా అంటే, ‘రేపు వాణ్ణే అడుగుతా’ అన్నాడు.”

శివరామ్ నాకు తెలుసు. ఊరికి అవతలి కొసన షోళింగనల్లూరులో కంపెనీ ఉద్యోగి, యాభై ఏళ్ళవాడు. వెంకటాచలాన్ని అన్నా అన్నా అంటూ పదేళ్ళుగా తిరుగుతున్నాడు. ఈ రోజే సాయంత్రం ఐదింటికి తన ఆఫీసు భవనంలో రేడియో వస్తువుల ప్రదర్శన తెరుస్తున్నాడు.

బల్ల మీదే ఉన్న ఆ నలభై కార్డుల్లో పై కార్డు తీసి, తపాలా ముద్ర మీద కళ్ళు మూసుకుని వేలు పోనిచ్చాను. చేత్తో గుద్దిన ముద్ర కాగితంలోకి దిగుతుంది, వేలికి తగులుతుంది. ఇది అద్దంలా నున్నగా ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. రంగుల ప్రింటు. అసలు కార్డులు వెనక్కి రానేలేదు.

“వాణ్ణి పట్టుకొస్తాను,” అంటూ జెబకుమార్ లేచాడు.

అక్కర్లేకపోయింది. టైము పదకొండుంబావు. కిందనుంచి గొంతు వినిపించింది: “రాజీమ్మా, అన్న సంగతి ఏమన్నా తెలిసిందా?”

నేను జెబకుమార్ చెయ్యి పట్టుకున్నాను. “ఐదు నిమిషాలు నాకివ్వండి. మీదపడితే నోరు మూసుకుంటాడు, లాయరు కావాలంటాడు. అంతదాకా మా వాడు ఆగలేడు.”

“ఐదంటే ఐదే. తర్వాత నా పద్ధతి.”

నేను వెనక కాగితాన్ని మళ్ళీ బల్ల మీద, టీ గ్లాసు పక్కన, చెత్తలాగే పెట్టాను.

శివరామ్ వచ్చాడు. భుజాన సంచీ, మొహాన దిగులు. ఆ దిగులు నటన కాదు, అదే నాకు వింతగా తోచింది.

“ఆదన్నా, మీరూ వచ్చినారా? నాకు చేయీ కాలూ ఆడటంలే.”

“నీకెప్పుడు తెలిసింది శివా?”

“ఎనిమిదికి. మా శ్రోతల గ్రూపులో ఎవరో పెట్టినారు.”

“పొద్దున యాడున్నావు?”

“షోళింగనల్లూరులోనే. ఆరింటినించీ ఎగ్జిబిషన్ పని. తొమ్మిదిన్నరకు ఆడ బయల్దేరినా, ట్రాఫిక్కులో ఇప్పటికి వచ్చి పడినా.”

“ఈ ఇంటికి చివర ఎప్పుడు వచ్చావు?”

“పోయిన వారం. ప్రామిస్ అన్నా.”

ప్రమాణం ఎవరూ అడగలేదు. మాట్లాడుతుండగానే వాడి కళ్ళు బల్ల మీదికి పోయాయి. గ్లాసు తడి వైపు చూసి బాధగా కళ్ళు చికిలించాడు. చెయ్యి తనంతట తానే ముందుకొచ్చి, చుట్టుకుపోతున్న కాగితం అంచును గోరు తగలకుండా వేలి మెత్తతో సరిచేసింది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తున్నట్టు నిలబడ్డాను. కింద తెల్ల కారు. ఈ సందులో ఎవరూ కారును రివర్సులో పెట్టరు. దీని వెనక భాగం మాత్రం ప్రహరీ గోడకు ఆనించి ఉంది, మధ్యలో చెయ్యి పట్టేంత జాగా లేదు.

ముప్పై లెక్కపెట్టి వెనక్కి తిరిగాను. గ్లాసు ఉంది. కాగితం లేదు.

“శివా, ఆ సంచీలో ఏముంది?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వాడి చెయ్యి సంచీ మీదికి పోయింది. “ఏం లేదన్నా. ఎగ్జిబిషన్ కాగితాలు.”

జెబకుమార్ సంచీ అందుకుని తెరిచాడు. రెండు గట్టి అట్టలు. వాటి మధ్య ప్లాస్టిక్ కవరు. కవరులో 417.

“చెత్త… అనుకుని…” అన్నాడు శివరామ్.

“చెత్తను రెండట్టల మధ్య భద్రం చేసేవాడివి నువ్వొక్కడివే దొరికావు. ఇంత దూరం మళ్ళీ వచ్చింది దీనికోసమే కదూ? నంబరు వెనక కాగితం మీద ఉంటుంది. అది లేకపోతే స్టిక్కరు సగమే. కిందికి పద.”

కిందికి వెళ్ళాం. రాజలక్ష్మి తట్టతోనే వెనకాల వచ్చింది. శివరామ్ కారు తాళంచెవి ఇవ్వలేదు, జెబకుమారే తీసుకున్నాడు. కలైసెల్వి కారెక్కి రెండడుగులు ముందుకు నడిపింది.

వెనక బంపరు మీద, ఎడమపక్క, ముక్కులో మైకు పట్టుకున్న పసుపు గూడబాతు. నలభై ఏళ్ళ జిగురు సగమే పట్టింది, ఒక మూల లేవబోతోంది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంది. నాలుగు పక్కలా టేపు. ఒక్క బుడగ లేదు, ఒక్క ముడత లేదు. టేపు ఎక్కడా బొమ్మను తాకలేదు.

“అంటించిన సంగతి నీకు ముందే తెలుసు,” అన్నాను.

శివరామ్ తల దించుకున్నాడు. “ఆడ చేరినాక చూసినా.”

“గోకి పారేస్తే నిన్ను పట్టుకునే దిక్కు లేదు. రెండు నిమిషాల పని. ఎందుకు గోకలేదు?”

“చెయ్యి రాలేదన్నా. గోరు పెట్టినా, తీసేసినా. మళ్ళీ పెట్టినా. పదేళ్ళు నేను కలలో చూసిన బొమ్మ అది. గాలికి ఎగిరిపోతుందేమోనని ప్లాస్టిక్ వేసినా. ఇంకో కారు తెద్దామంటే దీన్ని ఒంటిగా వదిలిపెట్టి రాలేకపోయినా.”

నాకు వెంకటాచలం మీద గర్వంతో కళ్ళు చెమర్చాయి. అసలు కార్డులు షోళింగనల్లూరులో ఉన్నాయి, వచ్చి సరిచూసుకోమని వీడు పిలిచి ఉంటాడు. నమ్మకం చాలక, నమ్మకపోవడానికి మనసు రాక, కారు చుట్టూ తిరిగి ఎక్కుతూ ఈ గుర్తు పెట్టాడు. ఎవడైనా దొంగ చూస్తే గోకేస్తాడు. వీడు గోకడని ఆయనకు తెలుసు. తన ప్రాణంలో ప్రాణాన్ని ఒలిచి, వీడిలో మిగిలిన మంచి గుణం మీద అంటించాడు.

“ఎక్కడున్నాడు?” జెబకుమార్ గొంతు పెంచాడు.

“ఆయన్ని నేనేమీ చెయ్యలేదు సార్. ప్రదర్శనలో అందరి ముందరా నన్ను దొంగ అంటానన్నాడు. ఐదు గంటలకు తెరిచి, ఆరింటికి నేనే తీసుకొచ్చి కాళ్ళు పట్టుకుందామని…”

“శివా,” అన్నాను, “ఆయన నువ్వు రాగానే ఇన్సులిన్ వేసుకున్నాడు. ఏమీ తినకుండా నీ వెంట వచ్చాడు. ఇది చూడు.” రాజలక్ష్మి చేతిలోని తట్ట మీద మూత తీశాను. నాలుగు ఇడ్లీలు, ఎండిపోయిన చట్నీ.

వాడు ఇడ్లీల వంక చూశాడు. “వేసుకున్నాడా? నాతో చెప్పలే… నేను మెట్ల దగ్గరే నిలబడున్నా… ఐయో! మా ఆఫీసు బిల్డింగు కింద, స్టోరురూము, నాలుగో నంబరు. కార్డులు సరిచూసుకుంటా ఉంటే బయట తాళం వేసినా. ఆడ ఫోను సిగ్నల్ కూడా ఉండదు. సార్, తాళం పగలగొట్టమనండి, తొందరగా చెప్పండి సార్!”

జెబకుమార్ అప్పటికే ఫోనులో ఉన్నాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు, అంబులెన్సు, గ్లూకోజు అని రెండుసార్లు అన్నాడు. ఇక మేం చేయగలిగింది ఏమీ లేదు. పదకొండు ముప్పై ఆరు. రాజలక్ష్మి మెట్టు మీద కూర్చుంది. శివరామ్ నేలమీద, కారు పక్కన కూలబడ్డాడు. ఆమె ఒక్కసారి కూడా వాడివైపు చూడలేదు.

పదకొండు యాభై ఒకటికి ఫోను మోగింది. జెబకుమార్ విని, “మూర్ఛపోయి ఉన్నాడట, ఊపిరి ఉంది, బయటికి తెచ్చి గ్లూకోజు ఎక్కిస్తున్నారు,” అన్నాడు. మళ్ళీ ఎదురుచూశాం. అంతసేపూ ఆయన ఫోను చెవి నుంచి తియ్యలేదు. ఉన్నట్టుండి స్పీకరు పెట్టి నా వైపు చాపాడు.

ముందు గరగర. తర్వాత దూరదేశపు స్టేషన్‌లాగా తేలిపోతూ ఒక గొంతు.

“ఆదీ… టైమెంత?”

నా గడియారంలో పదకొండు యాభై ఎనిమిది. “సున్నా ఆరు, ఇరవై ఎనిమిది,” అన్నాను.

అవతల చిన్న నవ్వు. రాజలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“గూడబాతు?” అన్నాడు.

“ఉంది. ఒక మూల లేస్తా ఉంది. ప్లాస్టిక్ వేసి కాపాడినాడు మీ తమ్ముడు.”

“అనుకున్నా… వాడు చింపడు.” ఊపిరి తీసుకున్నాడు. “నా నలబై కార్డులు ఈడే ఉండాయి, అన్నీ సరిగ్గా ఉండాయి. జైలుకి పంపేది పంపండి, నేను అడ్డంరాను. కానీ ఆదీ, పంపే ముందర ఆ స్టిక్కరు వాడి చేతనే తియ్యించు. నీకు రాదు, నాకు చేతులు వణుకుతాయి. ఈ మదరాసులో ఆ పని తెలిసింది వాడొక్కడికే.”

ఫోను వేరే ఎవరో తీసుకున్నారు, ఆసుపత్రి పేరు చెబుతున్నారు. మేమందరం శివరామ్ వైపు చూశాం. వాడు రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు.

జెబకుమార్ ముందు ఫొటోలు తీయించాడు, కాగితం మీద రాయించాడు. చేతికి వేయబోయిన సంకెల తీసి కలైసెల్వికి ఇచ్చేశాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, పొద్దున్నుంచి నేను వినని మర్యాదతో అడిగాడు: “ఏమేం కావాలి మీకు?”

“జుట్టు ఆరబెట్టుకునే మిషను సార్,” అన్నాడు శివరామ్ కళ్ళు తుడుచుకుంటూ. “సన్న దారం. ఆ వెనక కాగితం.”

రాజలక్ష్మి లేచి లోపలికి వెళ్ళింది. మిషనూ దారపుండా తెచ్చి, వాడి మొహం చూడకుండా కారు మీద పెట్టింది. అప్పుడే రెండు చినుకులు పడ్డాయి. జెబకుమార్ టోపీ తీసి, వంగి, గూడబాతుకు అడ్డంగా పట్టుకున్నాడు.